ఆకలి లేని ఇల్లు

భరణి కార్తె. చేరిన రోజు

సున్నపుగుట్టకు వచ్చే, ఎండ తగలకుండా తెరలు దించిన నీడబస్సులో డ్రైవరు నా భుజానున్న పెట్టె చూసి, "పలకల మేడమా?" అని అడిగాడు. అవునన్నాను. ఆ తర్వాత దారి పొడుగునా అద్దంలో నన్నే చూశాడు. జనం ఇళ్ళలోకి పోవాలని చెప్పే ఎండ సైరన్ కూయకముందే ఊళ్ళో దించాడు, అదే మేలు.

మా శాఖలో కొలతదారులు వేసవి కార్తెల్లో ఈ చిట్టా రాయాలి. అంకెల్ని గోడల్లో పొదిగే, వేడిని కొలిచే పూసలే పంపుకుంటాయి. గోడల తీరు, మనుషుల మాట మాత్రం మేం రాయాలి.

ఇక్కడ నా పని బండల వీధిలో. గుట్ట పాదాన ఒకే వరసలో ఉన్న మిద్దెలు. ఒకప్పుడు గనిలో పనిచేసినవాళ్ళు అక్కడి బండలతోనే కట్టుకున్నారు. గోడలు బండలే, నేల బండలే, కప్పు కూడా బండలే. పొద్దంతా పెనంలా కాగి, చీకటి పడ్డాక ఆ వేడినంతా లోపలివాళ్ళ మీదే కక్కుతాయి. గని మూతపడి చాలా ఏళ్ళయింది.

మొదటి ఇల్లు మద్దిలేటిది. బండలకు పాలిష్ పట్టే మిల్లులో పని చేస్తాడు. భార్య ఈరమ్మకు ఎనిమిదో నెల నిండింది. నేను గోడల్లో, కప్పులో పూసలు పొదుగుతుంటే ఇద్దరూ నా చేతుల వైపే చూస్తూ నిలబడ్డారు.

"ఆకలి ఎంతొస్తాదో సెప్పగలవా అక్కా?" అన్నాడు మద్దిలేటి.

ఆకలి అనేది జనం పెట్టిన పేరు. చట్టంలో దానికి పొడవాటి పేరుంది. బయట మండిపోతున్నప్పుడు లోపల ఒక్క గదిని మనిషి బతికేంత చల్లగా ఉంచడానికి ఆ ఇల్లు రోజుకెన్ని యూనిట్ల కరెంటు తింటుందో చెప్పే అంకె అది. అమ్మాలన్నా అద్దెకివ్వాలన్నా తలుపు పక్కన పలక మీద ఆ అంకె వెలగాలి. చట్టం వచ్చాక ఇల్లు కొనేవాడు ఎన్ని గదులని అడగడం మానేశాడు. ఆకలెంత అని అడుగుతాడు.

"పూసలే చెప్పాలి తమ్ముడూ," అన్నాను.

"నంద్యాలలో ఒక గది మాట్లాడి పెట్టినా. ఆకలి తొమ్మిదే. రోహిణి లోపల ఈ ఇల్లు అమ్మి ఆడికి పోవల్ల. పోయిన రోహిణిలో..." అని ఆగిపోయాడు.

"పుట్టిన పిల్లను ఎండ ఎత్తుకపాయ," అని ఈరమ్మ ఆ మాట పూర్తి చేసింది. చెప్పి, చాటలో జొన్నపిండి జల్లించడం మళ్ళీ మొదలుపెట్టింది.

చివరి పూస నేలలో పెట్టాలి. వంటింట్లో బండకు డ్రిల్లుతో కన్నం వేశాను. బండ కింద మట్టి తగలాలి. తగల్లేదు. చేతిలో బరువు ఉన్నట్టుండి తేలికైంది, బిట్టు ఊడి కిందికి జారిపోయింది. పడిన చప్పుడు కోసం చూశాను. వినబడలేదు.

అప్పుడు చాటలో పిండి లేచింది. సన్నగా, అగరుబత్తి పొగలా, నిలువుగా. ఈరమ్మ జల్లెడ పక్కన పెట్టి నా వైపు చూసింది. కన్నం మీద అరచెయ్యి పెట్టాను. చల్లగా తగిలింది.

నేల గుల్లగా ఉందని రాసుకుని, పూసను దారానికి కట్టి వేలాడదీసి, కన్నానికి గుడ్డ కుక్కాను. పలక వెలిగింది. నలభై ఒకటి. ఎర్రగా.

మద్దిలేటి ఆ అంకెను వేలితో తుడిచి చూశాడు. "ఈ అంకెకు నంద్యాలలో గది కాదు గదా, గది తలుపు కూడా రాదు," అన్నాడు.

భరణి కార్తె చివర

వీధంతా పలకలు బిగించడం అయిపోయింది. అన్నీ ఎరుపే. ఖాజాబీ అవ్వ ఇంటి మేడగదిలో అద్దెకు దిగాను. ఆమె వీధికి పెద్ద. ఈ వరసలో సగం మందికి బొడ్డు కోసింది తానేనని చెబుతుంది. ఆమె తలుపు మీదా ఎర్ర అంకె నేనే వెలిగించాను. అయినా నాకు మజ్జిగ ఇస్తుంది. "దీపం పెట్టినదాన్ని తిడితే ఇల్లు సల్లబడుతాదా," అంటుంది.

మద్దిలేటి పలక మాత్రం మారుతోంది. ముప్పై నాలుగు. ముప్పై. ఇరవై రెండు. ఎండలు ముదురుతుంటే అంకె పెరగాలి గాని తగ్గకూడదు. పూస చెడిందనుకుని మార్చాను. కొత్త పూస పద్ధెనిమిది చూపించింది.

"గుడ్డ తీసేసినా అక్కా," అంది ఈరమ్మ. "గాలి బాగుండాదని. చాప గూడా ఈడికే తెచ్చుకున్యా. ఏమన్నా తప్పా?"

తప్పో ఒప్పో నాకు తెలియలేదు. కన్నం చుట్టూ బండ అంచు పెచ్చులూడి ఉంది. వేలు పట్టే కన్నం ఇప్పుడు గుప్పెడైంది.

కృత్తిక కార్తె

ఈ రోజు పలక మీద సున్న.

ఈ ఉద్యోగంలో చాలా ఊళ్ళు తిరిగాను. ఆకుపచ్చ పలక వెలగడం ఎప్పుడూ చూడలేదు. తొమ్మిదికి పసుపే వస్తుంది. ఇది అప్పుడే మొలిచిన నారుమడి రంగులో ఉంది. వీధిలో ఆడా మగా సైరన్ కూసినా లోపలికి పోకుండా ఆ తలుపు ముందు నిలబడిపోయారు. ఒక ముసలాయన చెప్పులు విప్పాడు.

మధ్యాహ్నం నేను వాళ్ళ వంటింట్లోనే కూర్చున్నాను. బయట కాకులు కూడా కనబడని వేళ. ఫ్యాను తిరగడం లేదు, యంత్రాలేవీ మోగడం లేదు. ఈరమ్మ చాప మీద పక్కకు తిరిగి నిద్రపోతోంది. ఆమె కొంగు అంచు మెల్లగా లేచి పడుతోంది. వేసవిలో పట్టపగలు ఒక మనిషి చెమట లేకుండా నిద్రపోవడం నా చిన్నప్పుడు చూశానేమో, గుర్తు లేదు.

ఆమె లేచాక, మద్దిలేటి, నేను గడ్డపారలతో బండ లేపాం. కింద చీకటి. చీకట్లోంచి గాలి. తడి సున్నం వాసన. చేదతాడుకు దీపం కట్టి దించాం. తాడు అయిపోవచ్చేసరికి అడుగున ఇసుక మెరిసింది. దీపం చుట్టూ ఎటు చూసినా గోడ కనబడలేదు.

ఖాజాబీ అవ్వ అంచున కూర్చుని వంగి చూసింది. "మా ఇంటాయన ఒగ దినం గనిలో పొడుస్తాంటే గడ్డపార సేతిలోంచి కిందికి ఎల్లిపోయినాదంట. మల్ల దొరకల్యా. రాతికి కడుపుండాదే అన్యాడు ఇంటికొచ్చి. తాగొచ్చినాడనుకున్యా," అంది.

రోహిణికి ముందు

సుదర్శనం అనే ఆయన వచ్చాడు. చలువసీమ అనే ఇళ్ళ సంస్థ తరఫున. నెమ్మదిగా మాట్లాడతాడు, చెప్పులు బయటే విప్పుతాడు. వంటింట్లో గాలి ముందు మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. లేచి, ఈ ఒక్క ఇంటికి ఇవ్వగల ధర చెప్పాడు. నిన్నటిదాకా ఈ వీధి మొత్తం అమ్మినా అంత వచ్చేది కాదు.

"ఒకటే షరతు మద్దిలేటి గారూ. రోహిణి వెళ్ళేదాకా ఈ అంకె ఇట్లాగే ఉండాలి. మేం కొనేది గోడల్ని కాదు గదా."

మద్దిలేటి ఆ మాటమీదే నంద్యాల గదికి బయానా కట్టాడు.

వీధి ఊరుకుంటుందా. పక్కింటి ఫక్కీరప్ప తన పెరట్లో బండ లేపాడు. గని మూతపడ్డాక నీడబస్సులకు మెకానిక్కుగా చేశాడు. మంచాన పడ్డ అన్నను తానే చూసుకుంటాడు. అతని పెరట్లోనూ గాలి కొట్టింది. ఆ పెరటి కన్నం కింద నేల ఏటవాలుగా ఉందని, వంగితే మనిషి పోవచ్చని చెప్పాడు. తర్వాత మరొకరు లేపారు. ఆ తర్వాత ఇంకొకరు. వాళ్ళ అంకెలు తగ్గసాగాయి. మద్దిలేటి పలక మీద ఆకుపచ్చ పోయి నాలుగు వచ్చింది. తర్వాత తొమ్మిది. ఈ రోజు పదిహేను.

ఉదయం వీధిలో గొడవైంది.

"మూసెయ్ ఫక్కీరప్పా. అది నా గాలి. నా ఇంటి కిందిది."

"నీ ఇంటి కిందిదైతే నా పెరట్లో ఎందుకుండాదప్పా?"

"ముందు నేను చూసినా."

"నువ్వు యాడ చూసినావు? డ్రిల్లు ఏసింది ఆ మేడమ్ము."

ఇద్దరూ నా వైపు తిరిగారు. పొరుగింటి ఆకలి పెరిగేలా ఎవరైనా పని చేస్తే దాన్ని మూసేసే అధికారం కొలతదారుకు ఉంది. నా పెట్టెలో లప్పం డబ్బాలు ఉన్నాయి. గంటలో రాయిలా గట్టిపడుతుంది. మద్దిలేటికి అది తెలుసు.

"మూయక్కా. చట్టమే గదా," అన్నాడు. గొంతులో దబాయింపు లేదు. బతిమాలుతున్నట్టే ఉంది.

ముందు కొలిచి చూస్తానని చెప్పి తప్పించుకున్నాను. కొలిచాను. మిగతా ఇళ్ళల్లో ఎంత తగ్గిందో మద్దిలేటి ఇంట్లో ఇంచుమించు అంతే పెరిగింది. గాలి ఒకటే. కన్నాలే ఎక్కువయ్యాయి.

గుట్ట మీద

అసలు ఈ గాలి ఎక్కడినుంచి వస్తోంది? ఈ రోజు తెల్లవారగానే ఫక్కీరప్పను తోడు తీసుకుని గుట్ట ఎక్కాను. మోకాళ్ళ నొప్పులని గొణుగుతూనే నాకన్నా ముందు నడిచాడు. గుట్ట పైన పాత మందుగుండు గుంటలు, వాటి అవతల కలబంద పొదలు.

పొదల దగ్గర ఎండుటాకులు కదులుతున్నాయి. గాలి లేదు. నా చెవి పక్క వెంట్రుక కూడా కదలడం లేదు. ఆకులు మాత్రం నాలుగు వైపులనుంచీ ఒకే చోటికి జరుగుతున్నాయి, ఎవరో పిలిచినట్టు. అక్కడ రాతిలో బీట. నిలువుగా, మనిషి దూరలేనంత సన్నంగా. ఆకులు దాని అంచు చేరి, ఒక్క క్షణం ఆగి, లోపలికి పోతున్నాయి.

నా తల గుడ్డ విప్పి దగ్గర పెట్టాను. చేతిలోంచి లాక్కుంది.

పైన వేడిగాలి లోపలికి పోతోంది. గుట్ట కడుపులో చలికాలం నాటి చల్లదనం దాచుకున్న రాళ్ళ మధ్యగా దిగుతోంది. చల్లబడి బరువెక్కి పాదం దగ్గర బయటికి వస్తోంది. ఇలా అర్థం చెప్పుకుంటే చిన్న విషయమే. అక్కడ నిలబడ్డప్పుడు మాత్రం నా కాళ్ళ కింద ఉన్నది కొండ అనిపించలేదు. పడుకున్న ఒక ప్రాణి ఒంటి మీద నిలబడ్డట్టు అనిపించింది. అడుగు తేలిగ్గా వేశాను.

ఫక్కీరప్ప తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బీటను చూస్తూ అన్నాడు: "మా నాయన, నేను, ఈ ఈదిలో అందరం దీని మీద మందుగుండు పెట్టినోళ్ళమే. అప్పుడు గూడా ఇది ఊపిరి తీసుకుంటానే ఉండాది గదా మేడం."

రోహిణి కార్తె

నిన్నటి సంగతి ఈ రోజు రాస్తున్నాను. నిన్న రాయడానికి కుదరలేదు.

నిన్న ఎండ యాభై మూడు దాటింది. సైరన్ మామూలుకన్నా ముందే కూసింది. కాసేపటికి కరెంటు పోయింది. కరెంటు చాలనప్పుడు ఆకలి ఎక్కువ ఉన్న వీధులకే మొదట కోత. అది కూడా చట్టంలో భాగమే. నేను బిగించిన పలకలు చూసే కోత పెట్టారు.

నేలలో కన్నం లేని ఇళ్ళవాళ్ళు తడిగుడ్డలు కప్పుకుని కూర్చున్నారు. కన్నాలున్న ఇళ్ళల్లోనూ గాలి అంతంతమాత్రమే. మద్దిలేటి వంటింట్లో ఒకప్పుడు పిండిని నిలువునా లేపిన గాలి ఇప్పుడు అరచేతికి కూడా సరిగా తగలడం లేదు.

సుదర్శనం ఫోన్ చేశాడు. "మిగతా కన్నాలు ఇవాళ మూయిస్తే అంకె మళ్ళీ సున్నకు వస్తుంది, ఒప్పందం నిలబడుతుంది. లేదంటే పైవాళ్ళు వదిలేస్తామంటున్నారు," అన్నాడు. ఆ గొంతులో అతనికీ అది ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది.

నేను ఫోన్ పెట్టేసరికి మద్దిలేటి వాకిట్లో ఉన్నాడు. నా లప్పం డబ్బాలు రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.

"నొప్పులు మొదలైనాయక్కా. ఇంట్లో ఊపిరాడ్డంలేదు దానికి. అమ్మకం కోసం కాదు, అది పోతే పోనీ. వాళ్ళ కన్నాలు మూస్తే గాలి దానికి వస్తాది. పొద్దు వాలేదాకా చాలు."

పక్కింట్లో ఫక్కీరప్ప వాళ్ళ అన్న మంచం పెరటి పంచలో సరిగ్గా కన్నం పక్కనే ఉంది. మొన్నటినుంచి ఆ గాలి మీదే ఉన్నాడు. మూస్తే ఆయన సాయంత్రం చూడడు. మూయకపోతే ఈరమ్మ మాటేమిటి? చట్టం ప్రకారం నేను మూయాలి. డబ్బా అందుకున్నాను. చెయ్యి దాని బరువును మోస్తోంది గాని మూత తియ్యడం లేదు.

మేం లోపలికి వెళ్ళేసరికి ఈరమ్మ గోడ పట్టుకుని లేచి నిలబడి ఉంది. నా చేతిలో డబ్బా చూసింది, మొగుడి మొహం చూసింది.

"గాలి మనకాడికి రావల్లని ఎందుకు కొట్టుకుంటారు?" అంది. "మనమే గాలికాడికి పోదాం పాండి."

కిందికి దారి ఉన్నది ఫక్కీరప్ప పెరట్లో. వారం రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. మద్దిలేటి తల మీద తువ్వాలు వేసుకుని ఎండలోకి నడిచాడు. నేను వెనక నడిచాను. తలుపు తట్టబోతే తలుపు తెరిచే ఉంది. పెరట్లో ఫక్కీరప్ప ఒక్కడే పెద్ద బండను గడ్డపారతో పక్కకు దొర్లిస్తున్నాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

"అన్నను దించుదామని," అన్నాడు తలెత్తకుండా. "ఒగ సెయ్యి ఎయ్యప్పా."

మద్దిలేటి రెండో గడ్డపార అందుకున్నాడు.

నేను ముందు దిగాను. ఒక చేతిలో దీపం, ఇంకో చేతిలో పూస. గాలి బాగుందో లేదో పూస చెబుతుంది. బాగుంది. ముఖానికి ఎదురుగా వస్తోంది, చెరువు మీదుగా వచ్చినట్టు. వంగి, కూర్చుని, జారి, చివరికి మెత్తని ఇసుక మీద నిలబడి దీపం ఎత్తాను.

దీపం చిన్నదని నాకు అప్పుడే తెలిసింది. వెలుగు పైకి పోయి పోయి కప్పు అందుకోలేక తిరిగి వచ్చింది. అందినంత మేర పైనుంచి తెల్లని రాళ్ళు వేలాడుతున్నాయి, ఆవు పొదుగుల్లా. ఒక్కో దాని చివర ఒక్కో నీటిబొట్టు. బొట్టు రాలినప్పుడు ఆ చప్పుడు ఎక్కడికో వెళ్ళి, చాలాసేపటికి ఇంకో వైపునుంచి వినబడింది. ఈ గది పొడవు బండల వీధి పొడవుకన్నా తక్కువేమీ కాదు. మేం రోజూ తిరిగే వీధి కింద, నేను పూసలు పెట్టి పలకలు కొట్టిన ఇళ్ళన్నిటి కింద, ఇంత పెద్ద ఇల్లు ఎవరికీ చెప్పకుండా ఉంది.

వీధి దిగింది. మంచంతో సహా ఫక్కీరప్ప వాళ్ళ అన్న, పిల్లలు, ఖాజాబీ అవ్వ, నలుగురు పట్టుకున్న దుప్పట్లో ఈరమ్మ. మాట్లాడొద్దని ఎవరూ చెప్పలేదు. అందరూ గుసగుసగానే మాట్లాడారు. రాతిగోడను ముట్టుకుని చేతిని చెంపకు ఆనించుకున్నవాళ్ళున్నారు. మేకను కూడా తెచ్చారెవరో. అది కూడా అరవలేదు.

ఒక మూల చీరలు అడ్డం కట్టారు. ఖాజాబీ అవ్వ చీర మధ్యనుంచి తల బయటపెట్టి, "దీపం ఇంగా దగ్గరికి తేపో దస్తగిరమ్మా, నీ అంకెలు తర్వాత చూసుకుందువు," అంది. తెచ్చి పట్టుకున్నాను. ఈరమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. రోహిణి మిట్టమధ్యాహ్నం, ఒక బాలింత కాబోయే మనిషి చెయ్యి చల్లగా ఉంది.

ఆడపిల్ల. ఏడ్చింది. ఆ ఏడుపు గుహ లోపలికి వెళ్ళి ఒక గోడనుంచి, ఇంకో గోడనుంచి, ఎక్కడో కనబడనంత దూరంనుంచి తిరిగి వచ్చింది. మాకు తెలియని ఇళ్ళెన్నో లోపల ఉన్నట్టు, వాటన్నిటిలో ఒక్కో పిల్ల పుట్టినట్టు. అవ్వ కూడా చేతులు ఆపి విన్నది.

"ఎంతమందిని కన్యావమ్మే," అంది ఈరమ్మతో.

సాయంత్రం సైరన్ తర్వాత ఒక్కొక్కరం పైకి వచ్చాం. దిగినవాళ్ళందరం వచ్చాం. మద్దిలేటి అందరికన్నా చివర, లప్పం డబ్బాలు రెండూ తెచ్చి నా పెట్టెలో పెట్టాడు.

రోహిణి పోయాక

ఇప్పుడు నేను రాయాల్సిన అంకె గురించి.

ఒక్కో తలుపుకు ఒక్కో అంకె ఇవ్వాలి. ఏ అంకె ఇచ్చినా అబద్ధమే అవుతుంది. ఏ ఇంటి చల్లదనమూ ఆ ఇంటిది కాదు. కొన్నవాడు ఆ అంకె తనదనుకుని పక్కవాడి కన్నం మూయిస్తాడు. పక్కవాడు కోర్టుకు పోతాడు. చివరికి బాగా డబ్బున్నవాడు వీధినంతా తీసుకుని, పై బీటకు తలుపు పెట్టి తాళం వేస్తాడు.

చట్టం మళ్ళీ చదివాను. ఇల్లంటే ఏమిటో మొదటి పేజీలోనే రాశారు. ఒకే గాలిని పంచుకునే గదులన్నీ కలిపి ఒక ఇల్లు. అపార్టుమెంట్లలో మోసాలు జరగకుండా రాసిన వాక్యం అది. గుట్టకు కూడా సరిపోతుంది.

తలుపుల మీద పలకలన్నీ ఊడదీశాను. వీధి మొగదలలో రాతిస్తంభానికి ఒకటే పలక బిగించాను. అన్ని పూసలూ దానికే కలిపాను. చట్టం అడిగేది ఒక్క చల్లటి గదినే, అది కరెంటు లేకుండానే కింద ఉంది. సున్న వెలిగింది. చీకటి పడితే ఆ ఆకుపచ్చ బస్టాండు దాకా కనబడుతుంది.

మా పెద్ద కొలతదారు అమరలింగం గారు ఫోన్ చేశారు. "ఒక వీధిని ఒక ఇల్లంటే ధర ఎట్లా కడతారు దస్తగిరమ్మా?"

"ఒక్కరు అమ్మలేరు సార్. అందరూ సంతకం పెడితేనే అమ్మకం."

"అది ధర లేకుండా చెయ్యడమే గదా."

"మీరొకసారి వచ్చి చూడండి సార్."

వచ్చారు. సుదర్శనం కూడా వచ్చాడు. ఇద్దరినీ ఫక్కీరప్ప పెరటి దారిన దించాను. పైకి వచ్చాక అమరలింగం గారు మంచినీళ్ళు అడిగి తాగారు. "చట్టం రాసినప్పుడు నేనూ ఉన్నాను. దీన్ని ఊహించలేదు," అని, నా కాగితం మీద సంతకం పెట్టారు. నన్ను మాత్రం వచ్చే ఏడు ఆఫీసు పనిలో వేస్తామన్నారు. సుదర్శనం ధర ఊసెత్తలేదు. వెళ్తూ వెళ్తూ స్తంభం దగ్గర ఆగి పలకను చూశాడు, అంతే.

మద్దిలేటి నష్టపోయాడు. అమ్మకం పోయింది, నంద్యాల గదికి కట్టిన బయానా పోయింది. ఒక రోజంతా నాతో మాట్లాడలేదు. మరునాడు వీధివాళ్ళు సంతకాలు పెట్టే చోటికి పిల్లను భుజాన వేసుకుని వచ్చాడు.

"కోపంగా ఉందా తమ్ముడూ?" అన్నాను.

"ఉండాది," అన్నాడు. సంతకం పెట్టాడు. "అమ్మి యాడికి పోవల్లనుకున్యానో అది ఇంటి కిందనే ఉండాది. ఇంగ యాడికి పోయేది?"

ఇప్పుడు మధ్యాహ్నం సైరన్ కూస్తే పై వీధులనుంచి కూడా జనం వస్తున్నారు. ఇల్లు కొనడానికి కాదు. ఫక్కీరప్ప పెరట్లో వరసగా నిలబడి, ముసలివాళ్ళను ముందు పంపి, కిందికి దిగుతారు. మెట్లు చెక్కుతున్నారు. మద్దిలేటి పాలిష్ పట్టకుండా గరుకుగా వదిలేస్తున్నాడు, కాలు జారకుండా.

మృగశిర

ఈ సాయంత్రం వాన పడింది. మొదట దుమ్ము వాసన, తర్వాత చినుకులు, తర్వాత వీధి కనబడనంత వాన. పిల్లలు మిద్దెలెక్కారు. గంటలో చలి పుట్టింది. ఖాజాబీ అవ్వ దుప్పటి వెతుక్కుంది.

ఈరమ్మ వంటింట్లోంచి పిలిచింది. "అక్కా, గాలి ఆగిపాయ."

కన్నం దగ్గర చెయ్యి పెట్టాను. ఏమీ తగల్లేదు. మద్దిలేటి గుమ్మంలో నిలబడి నా మొహం వైపు చూశాడు. వీధిలో ఒక్కొక్క ఇంటినుంచీ అదే మాట వినబడసాగింది. గుట్ట ఊపిరి ఆగిపోయిందని.

ఈరమ్మ చాట తెచ్చి, చిటికెడు జొన్నపిండి కన్నం పైన వదిలింది. పిండి లేవలేదు. ఒక్క క్షణం గాల్లో నిలిచింది. తర్వాత సన్నని తీగలా సాగి కిందికి పోయింది. ఇంకో చిటికెడు. అదీ పోయింది.

బయట ఇప్పుడు గుట్ట లోపలికన్నా చల్లగా ఉంది. గాలి తిరగబడింది. వేసవంతా వదిలిన గుట్ట ఇప్పుడు పీల్చుకుంటోంది. వాకిట్లోంచి వానగాలి మా కాళ్ళ మీదుగా, ఉయ్యాల్లో పిల్లను తాకుతూ, వంటింటి నేలలోకి దిగిపోతోంది. గుట్ట ఎన్ని చలికాలాలు ఇట్లా తాగిందో, అందులో మేం ఈ వేసవిలో వాడుకున్నది ఎంతో నా పూసలు చెప్పలేవు.

"లోపలికి సలి తీసుకుంటాందా?" అంది ఈరమ్మ.

"వచ్చే రోహిణికి," అన్నాను.

ఆమె వెళ్ళి వీధి తలుపు బార్లా తీసి, గాలికి మూసుకోకుండా ఒక బండముక్క అడ్డం పెట్టింది. పక్కింట్లో ఫక్కీరప్ప తీశాడు. ఎదురింటివాళ్ళు తీశారు. వాన జల్లు నట్టింట్లోకి కొడుతున్నా ఎవరూ మూయలేదు. వీధి ఈ చివరనుంచి ఆ చివరదాకా తలుపులన్నీ తెరుచుకుని ఉన్నాయి. వానగాలి అన్ని ఇళ్ళలోంచీ నడిచి కిందికి పోతోంది.